అమ్మ ఫ్రిజ్ మీది నా పేజీ

ఇంగోల్‌స్టాట్‌లో అమ్మావాళ్ల వంటింట్లో, ఫ్రిజ్ తలుపు మీద, ప్లాస్టిక్ తొడుగు వేసిన పేజీ ఒకటి ఉంది. తొమ్మిదో తరగతిలో నేను జర్మన్‌లో రాసిన వ్యాసం. ఇన్నేళ్ల పోపుల పొగకి ఆ తొడుగు పసుపు రంగుకు తిరిగింది, దగ్గరికెళితే ఇంగువ వాసన కొడుతుంది, ఇంటికి ఎవరొచ్చినా అమ్మ దాన్ని చూపించి "మా బిడ్డ నా గురించి రాసింది" అంటుంది. అందులో తనని పొగిడానని అమ్మ నమ్మకం. పొగడలేదు. అమ్మకి జర్మన్ రాదు కాబట్టి ఇన్నాళ్లూ నా ప్రాణం హాయిగా ఉంది. పోయిన ఆదివారం నేను మ్యూనిక్ నుంచి రైలు దిగి ఇంటికెళ్లేసరికి, పౌరసత్వం కోసమని కొన్ని నెలలుగా జర్మన్ క్లాసుకి పోతున్న మా అమ్మ, కళ్లద్దాలు పెట్టుకుని, పెన్సిల్ పట్టుకుని, ఆ పేజీ ముందు కుర్చీ వేసుకుని కూర్చుంది. నాలుగు లైన్లు అర్థమయ్యాయని సంబరంగా చెప్పింది. నేను స్టవ్ మీది కూర కలిపే వంకతో అటు తిరిగాను.

నాన్న బ్లూ కార్డు వీసా మీద కార్ల కంపెనీలో ఇంజనీరుగా వస్తే, పదకొండేళ్ల వయసులో కరీంనగర్ నుంచి ఈ ఊరికొచ్చాను. ఆదివారం ఇక్కడ చప్పుడు చేయకూడదు. మిక్సీ వేస్తే కింది ఇంటి ముసలాయన చీపురు కర్రతో కప్పు మీద పొడిచేవాడు, అందుకని అమ్మ పచ్చళ్లూ పిండ్లూ అన్నీ శనివారమే నూరి పెట్టుకునేది. చలికాలం పొద్దున దాన్యూబ్ నది మీంచి లేచిన మంచు కిటికీలకి పట్టి ఉండగా లోపల మటన్ ఉడికే వాసన, పచ్చిపులుసులో నలిపిన ఉల్లిగడ్డ వాసన, సర్వపిండి మాడే వాసన. గోంగూర దొరక్క పాలకూరలో నిమ్మకాయ పిండుకుని అదే గోంగూరనుకునేవాళ్లం. బతుకమ్మకి సూపర్‌మార్కెట్లో చామంతులన్నీ మేమే ఊడ్చేస్తే కౌంటర్లో ఆవిడ ఎవరన్నా పోయారా అని జాలిగా అడిగేది, ఇక్కడ అవి సమాధుల మీద పెట్టే పూలు మరి. పిజ్జా అట్ట వెనక అష్టాచెమ్మా గీసుకుని, ఏటి గులకరాళ్లు పావులుగా పెట్టుకుని ఆడేవాళ్లం. ఆడేది నేనూ, ఆదివారం భోజనానికొచ్చే స్టూడెంట్లూను. మాస్టర్స్ చదవడానికొచ్చి, హాస్టల్ గదుల్లో బ్రెడ్డు తిని తిని మొహం మొత్తినవాళ్లు.

వాళ్లలో రాజేందర్ మామ వేరు. హైదరాబాద్‌లోనే పట్టుబట్టి జర్మన్ నేర్చుకుని వచ్చినవాడు. ఇంటి రిజిస్ట్రేషన్ కాగితమైనా, వీసా ఆఫీసు టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్ అయినా, అమ్మ పంటి నొప్పయినా పక్కన కూర్చుని తెలుగులో చెప్పేది ఆయనే. రాజేందర్ లేకుంటే ఈ ఊర్లో మనం మూగోళ్లమే అని నాన్న అంటుండేవాడు. నాకు జర్మన్ నేర్పిందీ ఆయనే. అమ్మని అక్కా అనేవాడు, అమ్మ కూడా తమ్మీ అని నోరారా పిలిచేది.

అలా పిలుస్తూనే ఆయనొక్కడికే కాగితం ప్లేటు పెట్టేది. అమ్మ పెళ్లినాటి స్టీలు కంచాలు, అంచున పేరు చెక్కినవి, ఒక దొంతర ఉండేది, మిగతా అందరికీ వాటిలోనే. ఒక ఆదివారం నేను మామ ముందు కూడా ఒకటి పెట్టాను. అమ్మ వచ్చి, నవ్వుతూనే, అది బరువుంటది తమ్మీ అని తీసేసి కాగితం ప్లేటు పెట్టింది. పులుసుకి ఆ ప్లేటు నడిమధ్య నానిపోతే మామ కింద చెయ్యి పెట్టుకుని తిన్నాడు. కంచాలు సరిపోకేమో అనుకుందామంటే, అవతల స్టాండులో రెండు కంచాలు తళతళలాడుతూ ఖాళీగా ఉన్నాయి. సంగతేమిటంటే, అమ్మ అంతకు ముందే ఆయన ఊరూ ఇంటిపేరూ అడిగి, పిన్నికి ఫోన్ చేసి ఆరా తీసింది. "ఎస్సీలంట" అని నాన్నతో గుసగుసగా చెప్పడం నేను విన్నాను. నాన్న పేపరు తిప్పుకున్నాడు. ఎందుకమ్మా అని నేనడిగితే, నీకు తెల్వది ఊకో అంది.

ఆ ఏడే స్కూల్లో చరిత్ర టీచరు ఫ్రౌ లిండ్నర్ మాకు నాజీల కాలం పాఠం మొదలుపెట్టింది. పొడుగ్గా, బక్కగా, గొంతు పెంచకుండా చెప్పేది. ఒక పార్కు బెంచీ ఫోటో గోడ మీద వేసి, దాని మీద ఎవరు కూర్చోకూడదని రాసి ఉందో చదివించి, ఇది ఒక్కరోజులో రాలేదు పిల్లలూ, ముందు బెంచీ, తర్వాత ఈతకొలను, తర్వాత అంగడి గుమ్మం, ఒక్కో గీత గీసుకుంటూ వచ్చారు, చూసినవాళ్లు ఊరుకున్నారు అంది. మనిషి గౌరవానికి భంగం కలగకూడదన్న ఈ దేశపు రాజ్యాంగం మొదటి వాక్యం బోర్డు పైన ఎప్పుడూ ఉండేది. మీ కళ్లతో మీరు చూసిన ఒక గీత గురించి ఒక పేజీ రాసుకు రమ్మంది. నేను ఒక్క ఊపున రాసేశాను. మామ పేరు రాయకుండా ‘ఒక అతిథి’ అన్నాను, అదేదో మహా తెలివైనట్టు. ఆయన్ని ఒక్క మాట అడగాలని తోచనే లేదు.

నా వ్యాసానికి ఒకటి వచ్చింది, ఇక్కడ ఒకటంటే అందరికన్నా పై మార్కు. తల్లిదండ్రుల్ని పిలిచిన సాయంత్రం బాగా రాసినవాళ్లం మా పేజీలు వాళ్ల ముందు చదవాలంది టీచరు. నేను గర్వంగా తలూపాను. అమ్మ వినాలి, సిగ్గుపడాలి, అదే నా పంతం. జర్మన్ రాని మనిషి ఎలా వింటుందో ఆలోచించలేదు. బయల్దేరే ముందు నాన్న "రాజేందర్‌ను రమ్మన్న, మనకు తెలుగుల చెప్తడు" అన్నాడు. బస్సులో దారి పొడుగునా ఆ కాగితం నా చేతిలో చెమటకి తడిసింది.

క్లాసులో చిన్న కుర్చీల్లో అమ్మా నాన్నా, మధ్యలో మామ. చదివాను. ‘ఆదివారం మా ఇంట్లో అందరూ స్టీలు కంచాల్లో తింటారు. ఒక అతిథికి మాత్రం అమ్మ కాగితం ప్లేటు పెడుతుంది. ఆయన కులం వేరు. ఆ సంగతి ఆయనకీ తెలుసు.’ అక్కడ మామ నా వైపు చూశాడు. చివరికంటా చదివేశాక, ఏం రాసిందని అమ్మ ఆయన్ని అడిగింది. ఆయన తన చేతులు చూసుకుంటూ చెప్పాడు.

"ఆదివారం మా ఇంటికి అందరొస్తరు, మా అమ్మ అందరికి కడుపునిండ పెడ్తది అని రాసిందక్కా."

అమ్మ చున్నీతో కళ్లు ఒత్తుకుంది. నాకు ఒళ్లు మండిపోయింది.

"మామా, నేను గట్ల రాయలే" అన్నాను, అమ్మకి తెలియకుండా జర్మన్‌లో.

"తెలుసు" అన్నాడు ఆయనా జర్మన్‌లోనే, మెల్లగా. "నువ్వే చెప్పు శ్రావ్యా. నా నోటితోటి చెప్పియ్యకు."

అమ్మ నా మొహంలోకి చూస్తోంది. జర్మన్‌లో గడగడా చదివినదాన్ని, తెలుగులో ఒక్క ముక్క రాలేదు. ఏం లేదమ్మా, మామ చెప్పిందే అన్నాను. నేనెంత పిరికిదాన్నో ఆ రోజే తెలిసింది. ఆయనకి జరిగిన అవమానాన్ని ఆయన చేతే చెప్పించబోయాను, తీరా నా వంతు వచ్చేసరికి నోరు కుట్టేసుకున్నాను.

బస్టాపులో మామ నా తల మీద చెయ్యి వేసి, జర్మన్ మంచిగ రాసినవ్ అన్నాడు. తర్వాతి ఆదివారం రాలేదు. ముందు పరీక్షలన్నాడు, తర్వాత థీసిస్, తర్వాత ఎష్‌బోర్న్ అనే దూరపు ఊళ్లో ఉద్యోగం. ఏం తక్కువ చేసిన ఆ పిల్లగానికి అని అమ్మ ఎన్నోసార్లు బాధపడింది, నేను వింటూ ఊరుకున్నాను. వీసా ఆఫీసు ఉత్తరాలు చదివి చెప్పే పని నా మీద పడింది.

ఇప్పుడు నేనూ తొమ్మిదో తరగతికి చరిత్ర చెబుతున్నాను. అదే బెంచీ ఫోటో వేస్తాను, చిన్న గీత దగ్గరే నోరు విప్పాలర్రా అంటాను, అన్న ప్రతిసారీ ఈ ఫ్రిజ్ తలుపు గుర్తొచ్చి మాట తడబడుతుంది. కింది ఇంటి ముసలాయన పోయాడు. ఆదివారం ఇప్పుడు ఎంత చప్పుడు చేసినా ఎవరూ కప్పు పొడవరు, అయినా వంట ముగ్గురికే. స్టూడెంట్లకి ఇండియన్ హోటళ్లొచ్చాయి, ఎవరి గదికి వాళ్లు తెప్పించుకుంటున్నారు. పిజ్జా అట్ట ఎప్పుడో చెత్తలో పోయింది.

అమ్మ పెన్సిల్ ఒక మాట కింద ఆగింది. "టెల్లర్ అంటే కంచమని క్లాసుల చెప్పిండ్రు. గీ పాప్‌టెల్లర్ అంటే ఏంది బిడ్డా?"

స్టవ్ ఆపేశాను. "కాగితం ప్లేటమ్మా" అన్నాను. ఇంకో కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని, మొదటి అక్షరం నుంచి చివరిదాకా, ఒక్క మాట వదలకుండా తెలుగులో చదివి చెప్పాను. అమ్మ కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుంది. ఆ పేజీ వైపే చూస్తూ అడిగింది.

"ఇదంత రాజేందర్‌కు సమజైందా, ఆ పొద్దు?"

"అయిందమ్మా."

"అయినంక గూడ, నేను కడుపునిండ పెడ్తనని చెప్పిండా?"

అవునన్నాను.