కాల్చిన ఏరువాక ఎద్దు

ఏరువాక పున్నమికి మా ఇంట్లో మట్టి ఎద్దులు చేసి, పూజయ్యాక మిద్దె మీద వానకు వదిలేసేవాళ్లం. అవి కరిగితేనే చేను తడుస్తుందని నమ్మకం. కంభం చెరువు కింద రైతులకేం, వాళ్లకు నీళ్లున్నాయి. గిద్దలూరు పక్కన మా మెట్ట చేలకు ఆకాశమే దిక్కు. అవి తెల్లదొరల రోజులు.

ఆ ఎండాకాలం మేత లేక మా ఎర్రెద్దు చచ్చిపోయింది. నాయన ఖాళీ కట్టుకొయ్య దగ్గర ఊరికే కూర్చునేవాడు. అది చూసి, పండగకు ఆ ఎద్దునే మట్టితో చేసి, కరగకుండా కాల్చి దాచుకోవాలనుకున్నాను.

చేసిన మొదటి బొమ్మను ఎండలో పెట్టి, నేరుగా పొయ్యిలోకి దూర్చాను. టప్పున పగిలింది. అవ్వ నవ్వి, కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు అని వెక్కిరించి, అప్పుడు నేర్పింది. వాగు వంకలోని జిగట మన్నులో మేక వెంట్రుకలు తరిగి కలపాలి. నీడన ఆరబెట్టాలి. తడంతా పోయాక పిడకల మధ్య పెట్టి, పైన ఊక పోసి, సన్నగా రాజనివ్వాలి. చల్లారేదాకా ముట్టకూడదు. నాకు కష్టమైంది ఆ చివరిదే.

బూడిదలోంచి ఎద్దు ఎర్రగా వచ్చింది. మూపురం ఎడమకు ఒరిగి, అచ్చం మా ఎద్దే. గోటితో గీసినా గీత పడలేదు. అది పండగ ఎద్దని అప్పుడు చెప్పాను. అవ్వ ముఖంలో నవ్వు పోయింది. ఏరువాక ఎద్దును ఎవరన్నా కాలుస్తారా, ఇది కరిగేదెప్పుడు, వాన వచ్చేదెప్పుడు అని తల పట్టుకుంది. అమ్మ తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. దాన్ని పగలగొట్టి మన్నులో కలపమన్నారు. నాకూ వాన భయం పట్టుకుంది. అయినా ఇవ్వనంటే ఇవ్వనని ఒళ్లో దాచుకున్నాను.

అంతలో నాయన వచ్చి చూపించమన్నాడు. ఆ మూపురాన్ని బొటనవేలితో నిమిరాడు.

"ఇది ఒకసారి పోయింది, చాలు. మిద్దె మీదికి ఇంకోటి పచ్చిది చెయ్యి పాపా," అన్నాడు.

చేశాను. పండగ వెళ్లింది. వాన మాత్రం రాలేదు. అవ్వ నన్ను చూసినప్పుడల్లా ఆకాశం వైపు చూసేది. చివరికి ఒక సాయంత్రం ఉరిమి, కుండపోతగా కురిసింది. మిద్దె మీద పచ్చి ఎద్దు బురదై గోడ వెంట జారింది. అవ్వ దండం పెట్టుకుంది. నాయన గూట్లోని కాల్చిన ఎద్దును తీసుకుని, తడవకుండా తువ్వాలు కప్పి, గడపలో నిలబడి దానికి వాన చూపించాడు. వెనక నేనున్నానని ఆయనకు తెలియదు.

"ఇంకొన్నాళ్లు ఉండుంటే పచ్చిగడ్డి తిందువు గదరా," అన్నాడు.