ఏడు ఆకుల ముగ్గు

ఆ పొద్దున నేను కాలు కాలిన పిల్లిలా తిరుగుతూనే ఉన్నాను. కెనడాలోని బ్రాంప్టన్‌లో మేం బేస్‌మెంట్‌లో అద్దెకుంటున్న ఇంటి ఓనరమ్మ, ఎనభై దాటిన మనిషి, తుంటి విరిగి ఆసుపత్రిలో ఉండి, ఆ రోజే ఇంటికి వస్తోంది. ఉండటానికని కాదు, పరీక్షకి. కారు దిగి, వాకర్ పట్టుకుని, ఎవరి సాయమూ లేకుండా నడిచి ఇంట్లోకి వెళ్ళాలి. వెళ్తే ఇంట్లోనే ఉంటుంది. లేకపోతే వృద్ధాశ్రమం, ఇల్లు అమ్మకానికి. కొడుకు అలా తేల్చేశాడు. అమ్మేస్తే మేమూ సామాన్లు సర్దుకోవాల్సిందే. అయినా నన్ను కుదురుగా ఉండనివ్వనిది అది కాదు. ఆవిడ లేని ఆ ఇంటిని తలుచుకుంటేనే ఏడుపొచ్చేది.

ఆవిడని డచ్ అంటే ఒప్పుకోదు. ఫ్రీస్‌లాండ్ మనిషి అనాలి. నెదర్లాండ్స్‌లో ఉత్తరాన, సముద్రం పక్కనున్న ప్రాంతం, భాష కూడా వేరే. సముద్రం పొంగి ముంచేస్తుంటే పూర్వం మట్టిదిబ్బలు పోసుకుని వాటి మీద ఇళ్ళు కట్టుకున్నారట. మన డెయిరీల్లో కనిపించే నలుపుతెలుపు ఆవుల పుట్టిల్లు అదే. మా నాన్నకీ అలాంటి ఆవు ఉండేదని చెప్పిన రోజునే ఆవిడ నన్ను చుట్టాల్లో కలిపేసుకుంది.

టీ పోసినప్పుడల్లా గోడ మీద ఫ్రీస్‌లాండ్ జెండా చూపించి పాఠం మొదలుపెట్టేది. నీలం, తెలుపు ఏటవాలు చారలు, వాటి మీద ఏడు ఎర్రటి ఆకులు. "హార్టులు అన్నావంటే ఊరుకోను. కలువాకులు!" అని కసిరేది. ఆ ఏడూ ఒకప్పటి ఏడు తీరప్రాంతాలట. అవి ఏ దొరకీ తల వంచలేదని చెప్పేటప్పుడు ఆవిడ మెడ నిటారుగా లేచేది.

అలాంటి మనిషి వస్తుంటే గుమ్మం బోసిగా ఉంటే ఏం బాగుంటుంది? తెల్లారగానే ముందు గుమ్మానికి వెళ్ళే సిమెంటు బాట కడిగి, దాని వెడల్పంతా ఆ జెండానే రంగుల ముగ్గుగా వేశాను.

"ఏంటే ఈ హడావిడి? ఇంట్లో పెళ్ళా?" అన్నాడు మా ఆయన.

"నువ్వూరుకో. పుట్టింటి గుర్తు మీంచి నడుచుకుంటూ లోపలికొస్తే ఆవిడకి ఎంత ధైర్యం!"

మనకి ముగ్గంటే అంతే కదా. వచ్చేవాళ్ళ కాళ్ళ కింద చెరిగితేనే దానికి అందం.

కారు వచ్చింది. కొడుకు, నర్సు దిగారు. ఎలాగూ వెనక్కి తీసుకెళ్ళాల్సిందే అన్నట్టు ఆవిడ బట్టల పెట్టె కారులోనే వదిలేశాడు కొడుకు. అది చూడగానే నాకు ఒళ్ళు మండింది. ఆవిడ మెల్లగా బాట పట్టింది. ముగ్గు అంచుకొచ్చి ఆగిపోయింది. కిందికి చూసింది.

"చూశారుగా, ఇంతే," అన్నాడు కొడుకు నర్సుతో.

"ఒక్క అడుగు వేయండి, ప్లీజ్," అని బతిమాలాను.

ఆవిడ నా వైపు తిరిగింది. "దీని మీదా? బూట్లతోనా?"

అయ్యో, నా తెలివి తెల్లారినట్టే ఉంది! జెండాని తీసుకొచ్చి ఆవిడ కాళ్ళ కింద పరిచాను. చీపురు కోసం పరిగెత్తబోతే, "ముట్టుకోకు!" అని ఒక్క అరుపు అరిచింది.

వాకర్‌ని పక్కనున్న గడ్డిలోకి తిప్పింది. చక్రాలు దిగబడుతున్నాయి. నర్సు పట్టుకోబోతే చెయ్యి విదిలించుకుంది. ఇల్లంతా చుట్టి, మేం వాడుకునే, ఆవిడ ఇంట్లోకీ దారి ఉన్న పక్క తలుపు వైపు వెళ్ళింది. మేమందరం ముందు తలుపు వైపు చూస్తూ అక్కడే నిలబడ్డాం. నేను మనసులో దేవుళ్ళందరికీ మొక్కేశాను.

ముందు తలుపు లోపలి నుంచి తెరుచుకుంది. ఆవిడ ఎర్రబడ్డ మొహంతో, రొప్పుతూ గుమ్మంలో నిలబడింది.

కొడుకు వెనక్కెళ్ళి కారులోంచి పెట్టె దించాడు. తిన్నగా బాట మీదే వచ్చి, ముగ్గు మీద అడుగు వేయబోతూ కాలెత్తాడు. తల్లి చూసింది.

కాలు వెనక్కి తీసుకుని, పెట్టె మోసుకుంటూ గడ్డిలోకి తిరిగాడు.