ఎడం చెయ్యి బోర్డు

నేను చేసుకున్న మైక్రోప్రాసెసర్ బోర్డుకు ఎనిమిది దీపాలు తగిలించే చిన్న బోర్డొకటి ఈ రోజు పూర్తయింది. జుగ్సలాయి బజారులో కొన్న రాగి పూత పలక మీద మా ఆవిడ గోళ్ల రంగుతో తీగల దారులు గీసి, రంగు లేని చోట రాగిని యాసిడ్‌లో కరిగించాను. తీరా చిప్పు పెట్టబోతే కాళ్లన్నీ కుడిఎడమయ్యాయి. రాగి అడుగున ఉంటుందని మరిచి, పైనుంచి చూసినట్టే గీసేశాను.

జాకెట్లు కుట్టే మా అత్తగారు తొంగిచూశారు. "కుడి చేతికి ఎడం చెయ్యి కత్తిరించీసినారేటి బాబూ?"

"అవునండి. వారం పని పాడైంది," అన్నాను.

"పాడేటి? తిరగేసి కుట్టీండి."

చిప్పును రాగి వైపే పెట్టి సోల్డర్ చేశాను. ఎనిమిది దీపాలూ వెలిగాయి.

నేను పనిచేసే ప్లాంటులో అందరి డ్రాయింగులూ సరిచూసేది నేనే. ఆ మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు, అదే కాస్త గుచ్చుకుంది. ఇంట్లో ఇలా బోర్డులు చేసుకునేవాళ్లు, మీరు గీసినవి సరిచూసేదెవరో చెప్పండి.