ప్రణీతకు తారాబాయి కుట్టిన బొంత

తారాబాయి అంటే నాకు మొదట్నుంచీ పడేది కాదు. ఇప్పుడు ఆక్లండ్ వైపు న్యూ లిన్‌లో ఉంటోందట. అక్కడివాళ్ళకు నచ్చిందేమో నాకు తెలియదు. వెల్లింగ్టన్ పక్కన ఈ లోవర్ హట్‌లో ఉన్నంతకాలం మాత్రం మా పదిమంది తెలుగు ఆడవాళ్ళలో ఒక్కరికీ ఆమె నచ్చలేదు. ఎందుకని అడిగితే తలా ఒక కారణం చెప్పేవాళ్ళం. అసలు కారణం ఏమిటంటే, ఆమె ఎవరినీ ఏదీ అడిగేది కాదు. కొత్తగా వచ్చినవాళ్ళు కందిపప్పు ఎక్కడ దొరుకుతుందో, ఏ డాక్టరు మంచివాడో అడగాలి. అడిగితే మేం చెబుతాం, చెప్పి పెద్దవాళ్ళమవుతాం. ఆమె మాకు ఆ ముచ్చట దక్కనివ్వలేదు.

ఊరు ఆదోని. తండ్రి పత్తి మిల్లులో తూకాలు వేసేవాడు. తారాబాయి అనే పేరు వినగానే మీరు మరాఠీవాళ్ళా అని అందరం అడిగాం. పేరు మా అవ్వది, ఊరు ఆదోని అని చెప్పి ఊరుకుంది. ఇంకొకరైతే అక్కణ్ణుంచి వంశవృక్షం ఎత్తుకునేవారు. భర్త శ్రీపతి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పనిమీద 2007లో వచ్చాడు. వెల్లింగ్టన్‌లో ఏదో ప్రభుత్వ శాఖలో కాంట్రాక్టు. వాళ్ళకు ఒక్కతే కూతురు అలేఖ్య. తారాబాయి ఇక్కడికి వచ్చిన మూడో నెలలోనే వృద్ధుల హోమ్‌లో లాండ్రీ పనికి కుదిరింది. మేమందరం కూడా ఒకప్పుడు ఏదో ఒక కౌంటరు వెనక నిలబడ్డవాళ్ళమే. అయినా డిగ్రీ చదివి ముసలివాళ్ళ దుప్పట్లు ఉతుకుతోందని చెప్పుకుని నవ్వుకున్నాం.

మా ఫ్లాటూ వాళ్ళ ఫ్లాటూ పక్కపక్కనే. మధ్య ఒకటే గోడ, వెనకాల ఒకటే పెరడు. అందుకే ఈ కథ నాకు మిగతావాళ్ళకంటే ఎక్కువ తెలుసు.

2009 సెప్టెంబరు ఆఖరున శ్రీపతి కాంట్రాక్టు అయిపోయింది. మళ్ళీ పొడిగించలేదు. ఆ యేడు చాలామందికి అలాగే అయింది, అందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. కానీ శ్రీపతి సిగ్గుపడ్డాడు. ఇంకోటి దొరికేదాకా తెలుగువాళ్ళ చెవిన పడకూడదని భార్యచేత ఒట్టు వేయించుకున్నాడు. ఖాళీగా ఉన్నాడని తెలిస్తే ఎవరూ రికమెండ్ చెయ్యరని, పైగా జాలి పడతారని అతని భయం. మా సంగతి అతనికి బాగానే అర్థమైంది. రోజూ పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని, లాప్‌టాప్ సంచి భుజాన తగిలించుకుని ఏడున్నర ట్రైను ఎక్కేవాడు. సాయంత్రం ఐదున్నరకు దిగేవాడు.

అదే ట్రైనులో శశిధర్ కూడా వెళ్ళేవాడు. మా అందరికీ నాయకురాలైన ప్రణీత మొగుడు. అక్టోబరు మొదటి వారంలో ఒక మధ్యాహ్నం లైబ్రరీకి వెళితే అక్కడ కిటికీ పక్క కుర్చీలో శ్రీపతి పేపరు ఒళ్ళో పెట్టుకుని నిద్రపోతున్నాడట. శశిధర్ చప్పుడు చేయకుండా వెనక్కి వచ్చి శ్రీపతి ఆఫీసులో ఆరా తీశాడు. రాత్రికి ప్రణీతకు చెప్పాడు. మర్నాడు మధ్యాహ్నానికల్లా మా అందరికీ ఫోన్లు వచ్చేశాయి.

తరవాతైనా మేం మనుషుల్లా ప్రవర్తించాల్సింది. మీకేమైనా కావాలా అని ఒక్కరైనా అడగాల్సింది. అడగలేదు. ఆవిడగారు ఎన్నాళ్ళు నటిస్తుందో చూద్దామని కూర్చున్నాం. శశిధర్ రోజూ ట్రైనులో, ప్రాజెక్టు ఎలా ఉంది శ్రీపతిగారూ అని అడిగేవాడట. డెడ్‌లైన్ దగ్గర పడిందని అతను చెప్పేవాడట. శశిధర్ ఇంటికొచ్చి ఆ మాట చెబితే ప్రణీత మాకు చెప్పేది. మాకు ఆ రెండు నెలలూ మంచి కాలక్షేపం.

ఇంతలో క్రిస్మస్ వచ్చింది. మాలో క్రైస్తవులు ఒక్కరూ లేరు. కానీ డిసెంబరులో ఆఫీసులు మూస్తారు, పిల్లలు బళ్ళో చూసి చెట్టు కావాలంటారు, అందుకని యేటా ప్రణీత ఇంట్లో పార్టీ. చీటీలు వేసి, ఎవరి పేరు ఎవరికి వస్తే వాళ్ళకు బహుమతి ఇవ్వాలి. ఆ యేడు ప్రణీత కొత్త నియమం పెట్టింది. ముప్ఫై డాలర్లకు తక్కువ కాకూడదు, నచ్చకపోతే మార్చుకోవడానికి కొట్టువాళ్ళ రసీదు లోపల పెట్టాలి. ఆ నియమం ఎవరికోసం పెట్టిందో మాకందరికీ తెలుసు. మేం తలూపాం. చీటీల్లో తారాబాయికి ప్రణీత పేరే వచ్చింది. అది మాత్రం నిజంగా కాకతాళీయం.

తారాబాయి చేతిలో ముప్ఫై డాలర్లు లేవు. ఉన్నా అవి అద్దెకు పోవాలి. లాండ్రీలో ఆమెతో పనిచేసే ఈ దేశపు కివీ ముసలావిడలు క్రిస్మస్‌కు ఒకరికొకరు ఇంట్లో చేసినవే ఇచ్చుకునేవాళ్ళు. ప్లమ్ జామ్ సీసాలు, అల్లిన మేజోళ్ళు, కుట్టిన సంచులు. కొన్నదానికంటే వాటికే ఎక్కువ మురిసిపోయేవాళ్ళు. అది చూసి తారాబాయి మమ్మల్ని కూడా అలాంటివాళ్ళమే అనుకుంది. పాపం అనను, అంత తెలివైనది అలా ఎలా అనుకుందో నాకిప్పటికీ అర్థం కాదు.

ఆమె దగ్గర జాకెట్టు ముక్కలున్నాయి. మా అందరి దగ్గరా ఉంటాయి. పేరంటానికి ఎవరింటికి వెళ్ళినా బొట్టు పెట్టి, పండూ తాంబూలంతో ఒక జాకెట్టు ముక్క పెడతారు. ఈ దేశంలో జాకెట్టు కుట్టేవాళ్ళు లేరు. అందుకని ఆ ముక్కను మడత విప్పకుండా బీరువాలో దాచి, మనింట్లో పేరంటమైనప్పుడు ఇంకొకరికి పెట్టేస్తాం. ఒకే ముక్క ఐదారిళ్ళు తిరుగుతుంది. ఒక్కటే జాగ్రత్త, ఇచ్చినావిడకే తిరిగి పెట్టకూడదు. ఈ సంగతి అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు.

తారాబాయి ఆ ముక్కల మడతలు విప్పింది. నవంబరులో ఒక శనివారం వాటిని ఉతికి మా ఉమ్మడి పెరట్లో తాడుమీద ఆరేసింది. గాలికి ఎగిరిపోకుండా ఒక్కోదానికి రెండేసి క్లిప్పులు పెట్టింది. పాతికదాకా ఉంటాయి. వంటింటి కిటికీలోంచి చూస్తుంటే వాటిలో నెమలి ముక్క కనబడింది. పెడన నుంచి ప్రణీత ప్రత్యేకంగా అద్దించి తెచ్చిన కలంకారీ ముక్క అది, తన గృహప్రవేశానికి మాకందరికీ పెట్టింది. అప్పటికి తారాబాయి ఈ దేశమే రాలేదు. నాకు పెట్టిన ముక్కను నేను తీసుకెళ్ళి తారాబాయికి పెట్టాను.

పెరట్లోకి వెళ్ళి, ఇది ప్రణీతది, దీన్ని వాడకు అని చెప్పడానికి అర నిమిషం పట్టేది. చెబితే ప్రణీత ఇచ్చినదాన్ని నేను చేతులు మార్చానని ఒప్పుకోవాలి. అది ఒక కారణం. రెండోది, ఏమవుతుందో చూడాలనిపించింది. కర్టెన్ వేసుకుని నా పని చూసుకున్నాను.

ఐదు వారాలు కుట్టింది. పాత దుప్పటి ఒకటి లోపల పరిచి, ముక్కల్ని చదరాలుగా కత్తిరించి, దగ్గర దగ్గరగా చేతికుట్టు. నేను వెళితే పక్కకు తీసేసేది. ఒక్కసారి మాత్రం, ప్రణీత ఇల్లు పెద్దది కదా, హాల్లో చలి తగ్గదని ఎప్పుడూ అంటూంటుంది, సోఫాలో కూర్చుని కాళ్ళమీద కప్పుకోవచ్చు అని చెప్పింది. ప్రణీత ఆ మాట ఎప్పుడో ఏడాది కింద అన్నది. మాలో ఎవరికీ గుర్తు లేదు.

డిసెంబరు ఇరవై, ఆదివారం మధ్యాహ్నం. కొండమీద ప్రణీత ఇంట్లో అందరం కూడాం. బయట గాలి, లోపల బిర్యానీ. మూడు సువాసన కొవ్వొత్తుల సెట్లూ రెండు టోస్టర్లూ పంచుకున్నాక ప్రణీత వంతు వచ్చింది. కాగితం విప్పి, బొంత రెండు చేతులతో ఎత్తి పట్టుకుంది.

బాగుంది. ఆ మాట ఇప్పుడు రాస్తున్నాను, అప్పుడు అనలేదు. నెమలి సరిగ్గా నడుమ ఉంది, చుట్టూ మా అందరి రంగులూ ఉన్నాయి.

మొదట ప్రణీత అత్తగారు కోటేశ్వరమ్మ నవ్వింది. డిసెంబరులో ఇక్కడ వేసవి కదా, ఆవిడ అందుకని విజయవాడ నుంచి వచ్చి ఉంది. మా ఊళ్ళో ఇలాంటివి పశువుల కొట్టంలో పరుస్తారని అంది. ఆ తరవాత ఒక్కొక్కరూ వంగి తమ ముక్కను వెతుక్కోవడం మొదలుపెట్టారు. ఈ ఆకుపచ్చది నేను పెట్టిందే, కాదు నేను నీకు పెట్టింది, మరి ఆవిడ దగ్గరికెలా వెళ్ళిందని నవ్వుతూనే ఒకరినొకరు చురుగ్గా చూసుకున్నారు. ప్రణీత నవ్వలేదు. ఆమె వేలు నెమలి మీద ఉంది.

"ఇది నా గృహప్రవేశం ముక్క. దీన్ని కోసి నాకే ఇస్తారా?" అని అడిగింది.

తారాబాయికి అప్పుడు అర్థమైంది. ఆమె తల తిప్పి నా వైపు చూసింది. ఒక్క క్షణమే. నేను చేతిలోని ప్లేటు వైపు చూశాను. ఆ ముక్క తనకు ఎవరు పెట్టారో చెబితే ఆమె గండం సగం గట్టెక్కేది. ఆమె నా పేరు ఎత్తలేదు.

"ఎట్లొచ్చిందో వచ్చింది. నాకు తెలీక కుట్టినా," అని మాత్రం అంది.

ప్రణీత అక్కడితో వదిలి ఉంటే సరిపోయేది. వదల్లేదు. రసీదు ఏదని అడిగింది. కాగితం దులిపి మరీ చూసింది. ముప్ఫై డాలర్లు అందరూ పెట్టారు కదా, మీకేం తక్కువ, శ్రీపతిగారి ప్రాజెక్టు బ్రహ్మాండంగా నడుస్తోందని మావారు రోజూ చెబుతూనే ఉన్నారు అంది. అంటూ శశిధర్ వైపు తిరిగింది. శశిధర్ కూడా, అవును కదండీ, డెడ్‌లైన్ ఎంతవరకు వచ్చింది అని అడిగాడు.

శ్రీపతి లేచి నిలబడ్డాడు. జనవరిలో ప్రాజెక్టు గో లైవ్ అవుతుందని, చాలా బిజీగా ఉండటంవల్ల షాపింగుకు వీలు పడలేదని, రేపే ఏదైనా కొని పంపిస్తామని చెప్పసాగాడు. అతను చెబుతుంటే మేమందరం తలలూపుతూ విన్నాం. పదేళ్ళ అలేఖ్య కూడా అక్కడే ఉంది. నాన్న ముఖం వైపు, మా ముఖాల వైపు మార్చి మార్చి చూస్తోంది. ఆ పిల్ల చూపు చూశాకే తారాబాయి నోరు విప్పిందని నేననుకుంటాను.

"చాలు, ఊరుకో," అని మొగుణ్ణి ఆపింది. తరవాత ప్రణీతతో అంది. "ఆయనకు పని ల్యాదు. సెప్టెంబరు నుంచీ ల్యాదు. కొనేదానికి డబ్బుల్లేక కుట్టినా. నీకు చలి అంటివి గదా అని కుట్టినా."

మూడు నెలలు దాచుకున్న మాట అది. చెప్పి, ఆమె మా ముఖాలు చూసింది. అయ్యో అనో, ఎప్పుడు అనో ఎవరైనా అంటారని చూసి ఉంటుంది. ఒక్కరి ముఖంలోనూ ఆశ్చర్యం లేదు. కనీసం నటించడానికి కూడా మాకు తోచలేదు. కోటేశ్వరమ్మ ఒక్కతే, అదేలే అమ్మా, అక్టోబరులోనే మావాడు చెప్పాడు అని తాపీగా అంది.

శ్రీపతికి ముందు అర్థమైంది. శశిధర్ వైపు తిరిగి, రోజూ అడిగేవాడివి అన్నాడు. అప్పటిదాకా మీరు అనేవాడు. శశిధర్ ఏదో మర్యాద అని గొణిగాడు. శ్రీపతి కూతురి చెయ్యి పట్టుకుని చెప్పులు వేసుకోవడానికి గుమ్మంలోకి వెళ్ళిపోయాడు. తారాబాయి ప్రణీత చేతిలోంచి బొంత తీసుకుంది. తొందరేమీ లేకుండా మడత పెట్టింది. ఎవరం ఆపలేదు.

నేను వెనకే పరిగెత్తాను. మంచితనం వచ్చి కాదు. నా పేరు చెప్పనందుకు ఏదో ఒక మాట అనెయ్యాలి, అనేస్తే నా మనసు తేలికవుతుంది, అందుకు. శ్రీపతీ పిల్లా అప్పటికే కారులో కూర్చున్నారు. గాలికి కారు తలుపు తెరుచుకోవడం లేదు, ఆమె ఒంటి చేత్తో లాగుతోంది. నేను తలుపు పట్టుకుని, ప్రణీత అలా మాట్లాడకుండా ఉండాల్సింది, నాకు చాలా బాధగా ఉంది అన్నాను.

తారాబాయి నా చేతిని తలుపుమీద నుంచి తీసేసింది.

"నీకెప్పుడు తెలిసింది అక్కా?"

అబద్ధం చెబుదామనుకున్నాను. అక్టోబరు మొదట్లో అని నోట్లోంచి వచ్చేసింది.

ఆమె మనసులో ఏదో లెక్క చూసుకుంది. ఆమె ముఖంలో కోపం కనబడితే నాకు కాస్త నయంగా ఉండేది.

"దీపావళికి మా ఇంట్లో భోంచేస్తివి," అంది. "ఓళిగలు రెండోతూరి పెట్టించుకున్యావు. నెయ్యి చాల్లేదని అడిగినావు."

కారెక్కి తలుపు వేసుకుంది. నెయ్యి అడిగిన మాట నిజమే. సీసా అడుగున మిగిలినదంతా చెంచాతో గీకి ఆమె నా ఓళిగ మీద వేసింది, నేను తిన్నాను.