ముందు వరస మనిషి

చిత్తూరు బ్యాండు మేళంలో ఎల్లప్పది ముందు వరస. పొగరు కొద్దీ కాదు, అవసరం కొద్దీ. అతను ఊదేది ట్రాంబోను. దాని పొడవాటి ఇత్తడి గొట్టాన్ని ముందుకీ వెనక్కీ జరిపితేనే స్వరం మారుతుంది. వెనక నిలబెడితే ముందువాడి వీపు పచ్చడైపోతుంది. వేలూరులో పాత సామాన్ల కొట్లో ఆ వాయిద్యం కొన్న మాస్టరు మునిరామయ్య, తొంభై ఒకటిలో దాన్ని ఎల్లప్ప చేతిలో పెట్టి, ఏడాది పాటు తిట్టి తిట్టి నేర్పి, అందరికంటే ముందు నిలబెట్టాడు. ఆ చోటు కోసమే ఎల్లప్ప బతికాడంటే తప్పులేదు.

ముహూర్తాలు వచ్చాయంటే మేళానికి ఊపిరాడేది కాదు. ఇవాళ కాణిపాకం, రేపు తిరుపతి, ఎల్లుండి సత్యవేడు. సినిమా పాట చరణాన్ని ఎల్లప్ప ఇత్తడిలో లాగి లాగి ఊదుతుంటే పెళ్లికొడుకు కూడా కారులోంచి తల బయట పెట్టి చూసేవాడు. అంతా అయ్యాక మేళానికి అన్నం మాత్రం వెనక గుమ్మం దగ్గర, చివరి బంతిలో. పాటకు చప్పట్లు కొట్టిన చేతులు విస్తరి వేయడానికి ఎందుకు బరువెక్కేవో వాళ్లనే అడగాలి.

రెండువేల మూడులో తిరుపతిలో ఒక ఊరేగింపు. తాగి చిందులేస్తున్న పెళ్లికొడుకు స్నేహితుడొకడు వెనక్కి వెనక్కి వచ్చి ఎల్లప్ప గొట్టం మీద పడ్డాడు. నోటికి ఆనించిన ఇత్తడి పళ్లకు కొట్టుకుంది. పై పళ్లు రెండు అక్కడే ఊడిపోయాయి.

"శుభమా అని పెండ్లి జరగతా ఉంటే ఈ రక్తమేంది? పక్కకు తీసకపోండి," అన్నాడు పెళ్లి పెద్ద.

తీసుకుపోయారు. పాట ఆగలేదు.

కట్టుడు పళ్లు పెట్టించుకున్నాడు. గాలి తోసినప్పుడల్లా అవి కదిలిపోయేవి, స్వరం పలికేది కాదు. మాస్టరుకు చెప్పి ఉండాల్సింది. చెబితే కంచు తాళాలు చేతికిచ్చి వెనక వరసకు పంపుతాడని భయం. అందుకని బుగ్గలు పొంగించి, గొట్టం జరుపుతూ, ఊదినట్టు నటించాడు. ట్రంపెట్ల హోరులో ఎవరికి తెలుస్తుందనుకున్నాడు. మాస్టరుకైతే ముప్పై ఏళ్లు డ్రమ్ముల పక్కన నడిచి చెవులు దాదాపు పోయాయి.

"ఎల్లప్పా, ఈ పొద్దు బాగా ఊదినావబ్బా," అని భుజం తట్టేవాడు ఆ పిచ్చి మనిషి.

"ఎన్నాళ్లని దాస్తావు? సెప్పేయరాదా," అనేది భార్య దేవకమ్మ.

"సెప్తే నేను యాడ నిలబడాల?"

అలా నాలుగేళ్లు గడిచాయి. మాస్టరు పోయాడు. శవం దగ్గర కూర్చున్న ఆయన భార్య మునిరత్నమ్మ ఎల్లప్పను పిలిచింది.

"ఆయన పోతా పోతా ఒకే మాట సెప్పినాడప్పా. నన్నెత్తినప్పుడు మేళమంతా వద్దు, ఎల్లప్ప ఒక్కడు ఊదితే సాలు అన్నాడు."

పాడె లేచింది. ఎల్లప్ప దానికి ముందు నిలబడి ఊదాడు. ఉత్త గాలి వచ్చింది. మరుక్షణం వెనకనుంచి పెంచలయ్య ట్రంపెట్టు, ఎవరూ అడక్కుండానే, సరిగ్గా ఎల్లప్ప ఊదాల్సిన చోట పాట అందుకుంది. తడబాటు లేదు, రోజూ చేసే పనిలాగే చేశాడు. ఎల్లప్ప తిరిగి చూశాడు. మేళంలో ఒక్కరి మొహంలోనూ ఆశ్చర్యం లేదు. అందరూ నేల చూపులు చూస్తున్నారు. నాలుగేళ్లుగా వీళ్లందరికీ తెలుసు. తను మోసం చేయగలిగింది పాడె మీదున్న మనిషిని ఒక్కడినే.

"నిలిపెయ్ పెంచలయ్యా. నన్నొక్కడినే కదా ఊదమన్నాడు."

ట్రంపెట్టు ఆగింది. ఎల్లప్ప కట్టుడు పళ్లు తీసి జేబులో వేసుకున్నాడు. ఇత్తడిని బోసి చిగుళ్లకు అదిమి, గొట్టం జరుపుతూ, ఒక్క చరణం కూడా వదలకుండా మాస్టరు నేర్పిన పాటంతా ఊదాడు. నీవా ఏటి ఒడ్డు దాకా ఆ గాలి చప్పుడు వెంటే పాడె నడిచింది.