సక్కుబాయి పోసిన గజ్జె

ఈ ప్రయాణానికి కారణం మా మరిది. దుబాయి నుంచి సెలవు మీద వచ్చి, ఆన్‌లైన్‌లో ఇత్తడి ఏనుగు బొమ్మ తెప్పించుకుని, "గిప్పుడు చేత్తోని ఎవలు చేస్తుండ్రు వదినా? అంతా మిషన్లే" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఆదిలాబాద్ అడవుల్లో ఓజాలు మైనం తీగెలతో బొమ్మ చుట్టి, మీద మట్టి అచ్చు కట్టి, మైనం కరిగిపోయిన చోట ఇత్తడి పోస్తారని చిన్నప్పటి నుంచి వింటున్నదాన్ని. "చూసొచ్చి చెప్తా ఆగు" అని మర్నాడే బయల్దేరాను.

పొద్దున్నే కరీంనగర్‌లో బస్సెక్కి, లక్సెట్టిపేటలో దిగి, జన్నారం మీదుగా ఉట్నూరు బస్సు పట్టుకున్నాను. రెండూ కలిపి మూడు వందల దాకా అయింది. నా సీటు పక్క కిటికీ అద్దం జరగనని మొండికేసింది. దానితో కుస్తీ పడుతూనే టేకు అడవంతా దాటాను. పదకొండు దాటాక ఉట్నూరులో దిగి, జైనూరు వైపు పోయే ఆటోలో కూర్చున్నాను. అరవై రూపాయలు. ఓజాల పల్లె ఎక్కడని అడిగితే ఆటో నడిపే మారుతి నవ్వాడు. "మాదే అక్కా. మా ఇంటామె ఇయ్యాల పోత పోస్తుంది. జర జల్ది పోదాం."

దారిలో సంగతంతా చెప్పాడు. దీపావళికి గోండు గూడేల్లో నెమలి ఈకల టోపీలు పెట్టుకుని, గజ్జెలు కట్టుకుని గుస్సాడీలు ఆడతారు. పక్క గూడెం వాళ్ళ గజ్జెలు మారుతి తండ్రే పోసేవాడు. ఆయన పోయాక ఆ గూడెం పటేల్ బజారులో కొంటున్నాడు. "బాపు దగ్గర మా ఆమె మైనం తీగెలు చుట్టేది గనీ, పోత ఎన్నడూ పొయ్యలే. ఇయ్యాల ఒక్క గజ్జె మంచిగ పోసి చూపెడితే గజ్జెల పని మొత్తం మాకే ఇస్తనన్నడు పటేల్. లేకుంటె రేపు ఆదిలాబాద్ బజారుకు పోతడు."

మేం చేరేసరికి మారుతి భార్య సక్కుబాయి కొలిమి ముందు చెమటలు కక్కుతోంది. మారుతి "అయినట్టే ఉంది, పొయ్యి" అని తొందరపెడితే కసిరింది. "మంటల ఆకుపచ్చ రంగు రాలే. నువ్ పోయి ఆటో తోలుకో!" రంగు తిరిగాక కరిగిన ఇత్తడిని రెండు మట్టి అచ్చుల్లో పోసింది. అవి చల్లారేలోపు నాకు జొన్నరొట్టె, పప్పు పెట్టింది. తను మాత్రం ముట్టలేదు.

మొదటి అచ్చు పగలగొట్టింది. సగం గజ్జే వచ్చింది. నా ప్రాణం ఉసూరుమంది. "పాయె!" అని మారుతి తల పట్టుకున్నాడు. "ఎందుకు పరేషాన్ అయితవ్? మైనం పోయింది గనీ ఇత్తడి యాడికి పోలే, మళ్ల కరిగిద్దం" అంటూ ఆమె రెండోది పగలగొట్టింది. గజ్జె నిండుగా వచ్చింది! ఆత్రంగా అందుకుని ఊపాను. చప్పుడు లేదు.

"అయ్యో, మూగది!" అనేశాను.

"లోపట మన్నుంది అక్కా, ఎట్ల మోగుతది?" అని నవ్వింది. ఇనప సూదితో గజ్జె చీలికలోంచి కాలిన మట్టిని పొడిపొడిగా రాల్చింది. లోపలి గుండు వదులైంది. ఊపితే ఘల్లుమంది. సక్కుబాయి కొంగుతో ముఖం తుడుచుకుంది, చెమట ఒక్కటే కాదు.

మారుతి అప్పటికే ఫోన్ చేస్తున్నాడు. "పటేలా, బజారుకు పోకు. గిది ఇను!" అని ఫోన్ గజ్జె దగ్గర పెట్టాడు. అవతల పటేల్ ఏమన్నాడో నాకు వినబడలేదు. మారుతి మాత్రం నోరంతా తెరిచి నవ్వుతూ ఆమెకు రొట్టె తెచ్చి పెట్టాడు.

ఆ సగం గజ్జె గుర్తుగా ఇమ్మంటే సక్కుబాయి ఇవ్వలేదు. "గది రేపు మంచిగయితది అక్కా, నీకెందుకు?" అంది. వట్టి చేతులతో వచ్చినా ఇంత సంతోషంగా ఏ ప్రయాణం నుంచీ తిరిగి రాలేదు. పాత విద్యలన్నీ పోతున్నాయని నేనూ ఊరికే దిగులు పడేదాన్ని. ఇప్పుడు కొంత ధైర్యం వచ్చింది. "ఏం తెచ్చినవ్ వదినా?" అని మరిది వెక్కిరిస్తే ఫోన్‌లో రికార్డు చేసి పట్టుకొచ్చిన గజ్జె చప్పుడు వినిపించాను. మళ్ళీ పెట్టమన్నాడు.

మీరు వెళ్ళేటట్లయితే దీపావళికి ముందే వెళ్ళండి, మధ్యాహ్నంలోపు పల్లె చేరండి, రాత్రికి ఉట్నూరులోనే ఉండిపోండి. గజ్జె చేతికిస్తే మాత్రం, మన్ను రాలేదాకా మూగదనకండి.