పచ్చలైటు ఆరకముందే

వైఫై డబ్బా మీద పచ్చలైటు మిణుకుమంటే ఇప్పటికీ నా గుండె జారుతుంది. చేతిలో పట్టుకుని గేములాడే పీఎస్పీ ఆడినవాళ్లూ, మీకూ అంతేనా?

మా గేములో ఒక తండ్రి కూతురిని విడిపించడానికి దొంగచాటుగా జైల్లో దూరతాడు. కాపలావాడు దగ్గరికొస్తే అక్కా నేనూ ఊపిరి బిగబట్టేవాళ్లం. మార్కాపురంలో మామ కొనిచ్చిన ఆ పీఎస్పీకి ఆట దాచుకునే మెమరీ కార్డు లేదు. చార్జింగ్ అయిపోతే కథ మళ్లీ మొదటికే.

ఆ రోజు కూతురి గది తలుపు దాకా వచ్చాం. చార్జింగ్ అయిపోవస్తోందని పచ్చలైటు మిణుకుమంది. ఊళ్లో కరెంటు లేదు. చేలో మోటారుకు ఉంటుందని చార్జర్ పట్టుకుని పరిగెత్తాం. ఉంది, కానీ స్టార్టర్ పెట్టెకు ప్లగ్గు పెట్టే చోటే లేదు. అక్క ఏడుపు అందుకుంది.

"ఏందమ్మా ఆ ఏడుపు? ఇట్ల తే," అని చేలో ఉన్న నాయన చార్జర్ వైరు పళ్లతో ఒలిచి స్టార్టర్‌కు తగిలించాడు.

మోటారుకొచ్చే త్రీఫేజు కరెంటు దెబ్బకు చార్జర్ పొగలు కక్కింది. పీఎస్పీ తెర నల్లబడింది.

"ఆ పిల్ల ఇంకా లోపలే ఉండాది నాయనా!" అని అరిచింది అక్క.